లోపలి ఫుటేజ్ ఒక్క సెకను కూడా లేని జిబ్లీ మ్యూజియం రివ్యూ

హాయ్ అందరికీ, నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, తర్వాత తిట్టుకోకండి. ఇది జపాన్‌లో బొమ్మల సినిమాలు తీసే స్టూడియో జిబ్లీ వాళ్ల మ్యూజియం రివ్యూనే, కానీ ఈ వీడియోలో మ్యూజియం లోపల తీసిన ఫుటేజ్ ఒక్క సెకను కూడా ఉండదు. గేటు కనిపిస్తుంది, మేడ మీద రోబో కనిపిస్తుంది, చెట్లు బోలెడు కనిపిస్తాయి, మిగతాదంతా నా మొహమే. ఎందుకంటే లోపల ఫొటోలు తీయకూడదు, వీడియో తీయకూడదు. నేనేమో హోటల్లో దోసె వస్తే దేవుడికి నైవేద్యం పెట్టినట్టు ముందు ఫోన్‌కి చూపించి, అది చల్లారాక తినే రకం. అలాంటి నన్ను నాలుగు గంటలు ఫోన్ బ్యాగులో పెట్టుకుని తిరగమన్నారు.

నిజం చెప్పాలంటే ఈ రూల్ సంగతి తెలిసినప్పుడు ఒళ్లు మండింది. ఇంత ఖర్చు పెట్టుకుని, ఆఫీసులో బతిమాలి సెలవు తీసుకుని, వీసాలు, ఫ్లైట్లు, అన్నీ అయ్యాక వీడియో తీయకూడదంటే ఛానెల్ ఎలా నడవాలండీ? వాళ్లు చెప్పే కారణం ఏంటంటే, కెమెరాలోంచి కాకుండా మీ కళ్లతో చూడండి, గుర్తున్నంత ఇంటికి తీసుకెళ్లండి అని. వాళ్లు సినిమాల విషయంలోనూ ఇంతే కదా. 2023 జులైలో జిబ్లీ డైరెక్టర్ మియజాకి సినిమా జపాన్‌లో రిలీజ్ చేసినప్పుడు ముందు ట్రైలర్ లేదు, టీజర్ లేదు, టీవీ యాడ్ లేదు, ఒక పక్షి బొమ్మ ఉన్న పోస్టర్ ఒక్కటే వదిలారు. మన దగ్గరైతే గ్లింప్స్, టీజర్, లిరికల్ సాంగ్, మేకింగ్ వీడియో, ప్రీ రిలీజ్ ఈవెంట్, అందులో యాంకర్ హీరోగారిని డైలాగ్ చెప్పమని అడగడం, ఇవన్నీ అయితే గాని సినిమా రాదు. వీళ్లు ఒక్క కాగితం అంటించి ఊరుకున్నారు, దానికి ఆస్కార్ కూడా వచ్చింది.

సరే, అసలు విషయానికొద్దాం. చాలామంది నన్ను అడిగింది, స్టూడియోకి వెళ్లావా, మ్యూజియానికి వెళ్లావా అని. ఈ రెండూ వేరు. స్టూడియో జిబ్లీ 1985లో పెట్టారు, హయావో మియజాకి, ఇసావో తకహాతా, తొషియో సుజుకి ప్రధానంగా. ఇప్పుడున్న స్టూడియో బిల్డింగ్ టోక్యో పడమటి వైపు కొగనేయి అనే చోట ఉంది, 1992 నుంచి అక్కడే. అది పని చేసుకునే చోటు, మనలాంటి వాళ్లను లోపలికి రానివ్వరు, టూర్లు ఉండవు. ఫ్యాన్స్ చూడటానికంటూ మియజాకి దగ్గరుండి డిజైన్ చేయించింది మిటాకాలోని మ్యూజియం, 2001 అక్టోబర్ 1న తెరిచారు. ఐచిలో 2022లో మొదలైన జిబ్లీ పార్క్ మళ్లీ వేరు, దాని జోలికి ఈ వీడియోలో వెళ్లను.

నాకు ఈ పిచ్చి ఎలా పట్టిందో రెండు ముక్కల్లో చెప్తాను. ఇంజినీరింగ్ హాస్టల్లో ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో, తెలుగు సినిమాల మధ్యలో, మియజాకి తీసిన టోటోరో ఉంది. టోటోరో అంటే అందులో అడవిలో ఉండే పెద్ద బొచ్చు జీవి. ఏదో పిల్లల బొమ్మల సినిమా కదా అని పడుకునే ముందు పెట్టాను. అందులో వాన పడుతుంటే ఇద్దరు అక్కాచెల్లెళ్లు గొడుగు పట్టుకుని బస్ స్టాప్‌లో నాన్న కోసం ఎదురుచూసే సీన్ ఉంటుంది, చాలాసేపు ఏమీ జరగదు, చిన్నది నిద్రకి తూగుతుంటుంది. మాది ధర్మవరం. చిన్నప్పుడు నేనూ మా అన్నా బస్టాండులో అచ్చం అలాగే నిలబడేవాళ్లం, నాన్న ఎక్కిన బస్సు ఏ రోజూ టైముకి వచ్చింది లేదు. జపాన్ వాడికి మా బస్టాండు ఎలా తెలుసు అనిపించింది. అంతే, అప్పట్నుంచీ వదల్లేదు. 2020లో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాక మళ్లీ అన్నీ మొదట్నుంచి చూశాను, ఈసారి దొంగతనం లేకుండా.

టికెట్ సంగతి. అక్కడికి వెళ్లి కౌంటర్లో కొనుక్కుందాం అనుకుంటే కుదరదు, కౌంటరే లేదు. ప్రతి నెలా 10వ తేదీ జపాన్ టైమ్ ఉదయం 10 గంటలకు తర్వాతి నెల టికెట్లన్నీ ఒకేసారి ఆన్‌లైన్‌లో వదులుతారు. మనకి అది పొద్దున 6:30. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు బుక్ చేసిన అనుభవం ఉన్నవాళ్లకి నేను ఇంకేం చెప్పక్కర్లేదు, అదే టెన్షన్. నేను హైదరాబాద్‌లో లేచి మొహం కూడా కడుక్కోకుండా కూర్చున్నాను, వెయిటింగ్ అంటూ చక్రం తిరుగుతూనే ఉంది, తీరా నా వంతు వచ్చాక నా కార్డు మొరాయించింది. టోక్యోలో ఉండే మా అన్న కార్డుతో ట్రై చేస్తే అయింది. అందుకని రెండు కార్డులు దగ్గర పెట్టుకోండి, విదేశీ లావాదేవీలు ముందు రోజే ఆన్ చేసుకోండి. పెద్దవాళ్లకి 1000 యెన్‌లు, అంటే మన డబ్బుల్లో అయిదారు వందలు. పిల్లలకి ఇంకా తక్కువ, నాలుగేళ్ల లోపు ఫ్రీ. ఇంత పేరున్న చోటికి ఈ రేటు చాలా తక్కువండీ, మన మల్టీప్లెక్స్‌లో టికెట్టూ పాప్‌కార్నూ కలిపితే దీన్ని దాటిపోతుంది. టికెట్ మీద బుక్ చేసినవాళ్ల పేరు ఉంటుంది, పాస్‌పోర్ట్ మర్చిపోకండి. మంగళవారాలు మామూలుగా సెలవు.

మా అన్నా వదినా ఉండేది నిషి కసాయ్‌లో. టోక్యోలో ఇండియన్లు గుంపుగా ఉండే ఏరియా అది, సాయంత్రం పార్కు పక్కన నడుస్తుంటే రెండు నిమిషాలకోసారి తెలుగు వినిపిస్తుంది. అక్కడి తోజాయ్ లైన్‌లో కొన్ని రైళ్లు మారే పని లేకుండా నేరుగా మిటాకా దాకా వెళ్తాయి. షింజుకు నుంచి వచ్చేవాళ్లు చువో లైన్ ఎక్కితే ఇరవై నిమిషాలు. మిటాకాలో బస్సు ఉంది, కానీ మేం నడిచాం, కాలువ పక్కన చెట్ల నీడలో పావుగంట, ఇరవై నిమిషాలు పట్టింది. ఇదిగో, ఇప్పుడు స్క్రీన్ మీద కనిపిస్తున్నది ఆ దారే. మా మేనకోడలికి ఎనిమిదేళ్లు, దారంతా ఆ పిల్ల నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే, అత్తా, టోటోరో నిజంగా ఉంటాడా లేక వేషం వేసుకున్న మనిషా అని. అక్కడ వేషాలేం ఉండవు నాన్నా అన్నాను. అలా ఎందుకన్నానో, ఇంకాసేపటికి ఇరుక్కుపోయాను.

ఎందుకంటే ముందుగా కనిపించేది ఒక టికెట్ కౌంటర్, అందులో అద్దం వెనక టోటోరో కూర్చుని ఉంటాడు. కౌంటర్ లేదన్నాను కదా, ఇది ఉత్తుత్తి కౌంటర్. కిందికి వంగి గుండ్రటి కిటికీలోంచి చూస్తే అందులో మసి బూచులు, అవేనండీ కళ్లున్న నల్ల బొచ్చు ఉండలు, కుప్పగా ఉంటాయి. మా పిల్ల ఆ కిటికీకి మొహం ఆనించి ఎంతకీ రాదు. వెనక పెద్దావిడ ఒకామె, డెబ్బై ఏళ్లుంటాయేమో, ఓపిగ్గా నిలబడింది, పిల్ల లేచాక ఆవిడ కూడా వంగి అంతే సేపు చూసింది.

లోపలికి వెళ్లగానే మన కాగితం తీసుకుని దాని బదులు చిన్న టికెట్ ఇస్తారు. అట్ట మధ్యలో సినిమా రీలు ముక్క, 35 ఎంఎం, మూడు ఫ్రేములు. జిబ్లీ సినిమాల రీలు ముక్కలవి, ఎవరికి ఏ సినిమా వస్తుందో అదృష్టం. వెలుతురుకి పెట్టి చూసుకోవాలి. ఊహించుకోండి, అక్కడ ఎవరూ ఫోన్ పట్టుకోవడం లేదు కదా, అందరూ తలలు పైకెత్తి, చేతులు కిటికీ వైపు పెట్టి, ఒక కన్ను మూసి టికెట్లు చూసుకుంటున్నారు. పిల్లకి ఎర్ర విమానం వచ్చింది, అన్నకి గడ్డి, వట్టి గడ్డి. నాకు వచ్చింది చివర్లో చూపిస్తాను.

అలా వెలుతురుకి పట్టుకున్నప్పుడు నాకు గుర్తొచ్చింది జపాన్ కాదు, నిమ్మలకుంట. మా ధర్మవరం దగ్గరే, తోలుబొమ్మలు చేసే ఊరు. మేకతోలు బాగా పలచగా గీకి, రంగులు వేసి, వెనక దీపం పెడితే చేతిలో ముదురుగా, మొద్దుగా ఉన్న బొమ్మ తెర మీద నగలతో సహా వెలిగిపోతుంది. చిన్నప్పుడు ఒక తాత నా చేతికి హనుమంతుడి తోక ముక్క ఇచ్చి ఎండకి పెట్టి చూడమన్నాడు. సరిగ్గా అదే చెయ్యి, అదే కన్ను మూయడం. సర్లెండి, లోపలికి పోదాం.

ఈ మ్యూజియంలో ఇటు వెళ్లండి అనే బాణం గుర్తులు ఉండవు. కలిసి దారి తప్పుదాం రండి అన్నట్టుగా ఉంటుంది వాళ్ల నినాదం, కట్టడం కూడా అలాగే కట్టారు. పిల్లలు మాత్రమే దూరగలిగే గుమ్మాలు, ఎక్కడికి పోతుందో తెలియని ఇరుకు మెట్లు, పైన వంతెన, రంగు రంగుల అద్దాల కిటికీలు. మేం ముందు అండర్‌గ్రౌండ్‌లోకి వెళ్లాం, బొమ్మలు కదలడం ఎలా మొదలైందో చూపించే గది అక్కడ ఉంది. నన్నడిగితే టికెట్ డబ్బులు ఈ ఒక్క గదికే సరిపోయాయి.

అక్కడ ఒక పెద్ద గుండ్రటి బల్ల లాంటిది ఉంటుంది. దాని మీద చిన్న చిన్న బొమ్మలు, టోటోరో బొమ్మలే వరసగా బోలెడు, ప్రతి బొమ్మా పక్కదానికంటే కాస్త తేడాగా ఉంటుంది, ఒకటి నేల మీద, తర్వాతది కాస్త వంగి, ఆ తర్వాతది గాల్లో. తాడాట ఆడే అమ్మాయిలు, పరుగెత్తే పిల్లి బస్సు, అంటే ఆ సినిమాలో పిల్లి ఆకారంలో ఉండే బస్సు, అన్నీ అలాగే. ఆగి ఉన్నప్పుడు సంక్రాంతి బొమ్మల కొలువులా ఉంటుంది. తర్వాత బల్ల తిరగడం మొదలవుతుంది. తిరిగే కొద్దీ బొమ్మలన్నీ కలిసిపోయి రంగుల చారలయిపోతాయి, ఏమీ కనపడదు. సరే, ఇంతేనా అనుకుంటాం. అప్పుడు లైటు టపటపా కొట్టుకోవడం మొదలవుతుంది, సెకనుకి బోలెడు సార్లు, బల్ల తిరిగే వేగానికి సరిపోయేలా. అంతే, చారలన్నీ మాయం. టోటోరో గెంతుతున్నాడు. పిల్లలు తాడాట ఆడుతున్నారు. పిల్లి బస్సు పరుగెడుతోంది. స్క్రీన్ లేదు, ప్రొజెక్టర్ లేదు, చెయ్యి చాపితే అందేంత దూరంలో, నిజమైన బొమ్మలు, మన కళ్ల ముందు ప్రాణం పోసుకుని గెంతుతున్నాయి. లైటు మామూలుగా అయిపోగానే మళ్లీ చారలు, మళ్లీ ఆగిన బొమ్మలు. నాకు సినిమా అంటే సెకనుకి 24 ఫ్రేములు అని తెలుసు, చదువుకున్నదే, ఇంటర్వ్యూల్లో చెప్పిందే. కానీ దాని రహస్యం అంతా చీకటి క్షణాల్లో ఉందని, ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య వెలుగు ఆరిపోకపోతే మనకి కనిపించేది వట్టి గజిబిజేనని అప్పుడే ఎక్కింది. అయిదుసార్లు చూశాను. వదిన వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

అక్కడే సాటర్న్ థియేటర్ అని 80 మంది పట్టే చిన్న హాలు ఉంది. ఇందులో వేసే షార్ట్ ఫిల్ములు బయట దొరకవు, డిస్క్ లేదు, ఓటీటీలో లేదు, ఇక్కడా ఐచి పార్కులోనే చూడాలి. ఏ సమయానికి వెళ్తే అప్పుడు వేస్తున్నదే మన ప్రాప్తం. మాకు టోటోరోలోని చిన్న పాప మెయ్, పిల్లి బస్సు పిల్లతో స్నేహం చేసేది పడింది. పిల్లి బస్సుకి పిల్ల అంటే ఒక్కరు మాత్రమే ఎక్కగలిగే బుజ్జి బస్సు అన్నమాట. జపనీస్‌లోనే ఉంది, సబ్‌టైటిల్స్ లేవు, అవసరం పడలేదు. కథ చెప్పను, చూసినప్పుడు చూడండి. అందులో పిల్లి బస్సుల ముసలమ్మ ఒకావిడ వస్తుంది, అంతవరకే చెప్తాను. నాకు అన్నిటికంటే నచ్చింది ప్రొజెక్టర్ గది. గోడ వెనక దాచకుండా, హాల్లోకి పొడుచుకొచ్చిన రైలు పెట్టెలా కట్టారు, లోపల మెషీన్ కనిపిస్తుంది. షో అయిపోగానే కిటికీ తలుపులు వాటంతట అవే తెరుచుకుని ఎండ లోపలికొస్తుంది.

పై అంతస్తులో సినిమా పుట్టే చోటు అని అయిదు గదులున్నాయి. ఒక తాత తన పని గది మనవడికి వదిలి వెళ్లినట్టు సర్దారు. గోడ నిండా నేల నుంచి కప్పు దాకా స్కెచ్‌లు, పుస్తకాలు, విమానాల బొమ్మలు, రంగు సీసాలు. ఇక్కడే ఒక సీసా ఉంది, అరిగిపోయిన పెన్సిల్ ముక్కలతో నిండిపోయి. ఒక్కొక్కటీ చిటికెన వేలు గోరంత, ఇక పట్టుకోవడానికి వీల్లేనంత అరిగాక పడేసినవి, కాదు, పడేయకుండా దాచినవి.

గుర్తుందా, 2025 మార్చిలో అందరూ ఏఐతో ఫొటోలని జిబ్లీ బొమ్మల్లా చేసేశారు? మా చుట్టాల గ్రూపులో పెళ్లి ఫొటోలు, అరగుండు ఫొటోలు, చివరికి మా మామయ్య స్కూటర్ కూడా జిబ్లీ అయిపోయింది. నేనూ ఒకటి చేశాను, దాచడం దేనికి, బాగానే వచ్చింది. ఆ సీసా ముందు నిలబడ్డప్పుడు మాత్రం కొంచెం సిగ్గేసింది. 1997లో వచ్చిన ప్రిన్సెస్ మొనొనొకె సినిమాకి దాదాపు 1,44,000 సెల్స్, అంటే పారదర్శకంగా ఉండే షీట్ల మీద వేసే బొమ్మలు, గీశారు, అందులో సుమారు 80,000 మియజాకి ఒక్కడే దిద్దాడంటారు. నేను ఆ రోజు నొక్కిన బటన్లు రెండు. దీని గురించి ఇంతకంటే మాట్లాడితే లెక్చర్ అయిపోతుంది, వదిలేద్దాం.

ఆ గదుల్లో స్టోరీబోర్డుల లావుపాటి పుస్తకాలు మనం తిరగేసుకునేలా పెట్టారు. పేజీకి ఒక పక్క పై నుంచి కిందికి చిన్న చిన్న గళ్లలో బొమ్మలు, పక్కన ఏం జరగాలో, ఎవరేం అనాలో, ఎన్ని సెకన్లో. మియజాకి ఈ స్టోరీబోర్డు పూర్తికాకుండానే సినిమా మొదలుపెట్టేస్తాడు, ముగింపు ఏంటో టీముకీ తెలియదు, ఆయనకీ తెలియదు. మన దగ్గర సెట్లో స్క్రిప్ట్ మారుతోందంటే గుండెలు బాదుకుంటాం! అక్కడక్కడా ఇంగ్లిష్ ఉంటుంది గానీ వివరాలన్నీ చాలావరకు జపనీస్‌లోనే, చదవడం రాదు కాబట్టి చూడటమే. నాకదేం లోటనిపించలేదు, కానీ చరిత్రంతా చదువుకుందామని వెళ్లేవాళ్లు నిరాశపడతారు.

ఇక పిల్లి బస్సు. నిజంగా ఎక్కి దొర్లేంత పెద్దది, మెత్తటి బొచ్చుది. కానీ ఎలిమెంటరీ స్కూలు పిల్లల వరకే. నేను జిబ్లీ చూడటం మొదలుపెట్టినప్పటికి పుట్టనే పుట్టని మా మేనకోడలు చెప్పులు విప్పేసి దూకింది, నేను గోడ పక్కన నిలబడ్డాను. అత్తా, నువ్వు రాకూడదంట అని లోపల్నుంచి అరుస్తుంది, మసి బూచిల్ని నా వైపు విసురుతుంది. నా పక్కన నలుగురైదుగురు పెద్దవాళ్లు, చేతులు కట్టుకుని, అదే మొహంతో. ఒకాయన ఎంత కోరికగా చూస్తున్నాడో ఆయన భార్య చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

ఇనుప చుట్టు మెట్లెక్కితే మేడ మీద తోట, అక్కడ లాప్యుటా సినిమాలోని రోబో సైనికుడు, అయిదు మీటర్ల ఎత్తు. ఇక్కడ ఫొటోలు తీసుకోవచ్చు, అందుకే లైను. నేనూ నిలబడ్డాను, ఇదిగో ఈ ఫొటో. తమాషా ఏంటంటే లోపల గడిపిన గంటలన్నీ నాకు గది గదికీ గుర్తున్నాయి, ఈ రోబో దగ్గర ఏం చూశానో మాత్రం ఫొటో చూసుకుంటే గాని గుర్తు రావడం లేదు.

కెఫెలో మామూలుగానే లైను ఎక్కువ, మేం వదిన కట్టిచ్చిన పులిహోర బయట పార్కులో తిన్నాం. షాపు బాగుంటుంది, జేబు జాగ్రత్త.

తిరుగు ప్రయాణంలో నేనొక పిచ్చి పని చేశాను. మిటాకా నుంచి రెండు స్టేషన్లు ముందుకెళ్తే హిగాషి కొగనేయి, స్టూడియో ఉన్న చోటు. లోపలికి రానివ్వరని తెలుసు. అయినా వెళ్లాం. మామూలు ఇళ్ల వీధి, సైకిళ్లు, ఆకులు అల్లుకున్న బిల్డింగ్. రోడ్డుకి అవతలి వైపు నిలబడి రెండు నిమిషాలు చూశాం. ఎవరో ఒకతను సంచి భుజాన వేసుకుని లోపలికి వెళ్లాడు, అంతే. ఫోన్ తీయలేదు, అక్కడ తీయొద్దని ఎవరూ చెప్పలేదు కూడా. వాళ్లు పని చేసుకుంటున్నారు కదా, ఎందుకో మొహమాటమేసింది. మీరు మాత్రం దీనికోసం వెళ్లకండి, చూడటానికి ఏమీ లేదు, అక్కడుండే వాళ్లకి ఇబ్బంది.

సరే, చివరికి నా టికెట్. కొంచెం లైటు దగ్గరకి రానివ్వండి... ఆఁ, ఇప్పుడు కనిపిస్తోందా? మూడు ఫ్రేములు, సినిమాలో అయితే సెకనులో ఎనిమిదో వంతు. పొయ్యి మీద గిన్నె, పక్కన ఒక చెయ్యి, సగమే పడింది. మొదట మూడూ ఒకటే అనుకున్నాను. ఒకే బొమ్మని రెండు మూడు ఫ్రేముల పాటు అలాగే ఉంచుతారు, అందుకని పై రెండూ అచ్చం ఒకటే. మూడోది చూడండి, గిన్నె మీద ఆవిరి. వెంట్రుకవాసి పక్కకి జరిగింది. చెయ్యి కదల్లేదు, గిన్నె కదల్లేదు, ఆవిరి ఒక్కటే. ఇది ఏ సినిమానో నాకు ఇంకా దొరకలేదండీ. వంట సీన్లన్నీ ఆపి ఆపి చూస్తున్నాను, గిన్నె మూతకి ఎడమ పక్క చిన్న సొట్ట ఉంది, అదే గుర్తు. ఎవరైనా కనిపెడితే చెప్పండి.